రక్తం లేని రక్తపరీక్ష

ఈ ఉదయం సాల్వెంట్ సీసా మూత తిప్పగానే ఆ తియ్యటి ఘాటు ముక్కుకు తగిలింది. వెంటనే విజయ మేడం కేక చెవిలో మోగింది. నోయిడాలోని మా ల్యాబుకు ఒకప్పుడు ఆవిడే పెద్ద. కరీంనగర్ మనిషి. ఢిల్లీ వచ్చి ఎన్నేళ్లయినా కోపం మాత్రం సొంత యాసలోనే వచ్చేది. ఇక్కడివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తిడుతున్నారని తెలిసి నిలబడిపోయేవాళ్లు. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఆ కోపం చూసి నేనూ హడలిపోయాను. ఇప్పుడు అదే కోపం నాకు పట్టుకుంది. వదిలించుకోవాలని కూడా లేదు.

కీళ్లవాతానికి వాడే మందులు రోగి రక్తంలో ఎంత ఉన్నాయో కొలవడం మా పని. యంత్రం ఒక సన్నటి గొట్టం గుండా ద్రవాన్ని తోస్తుంది. రక్తంలోంచి తీసినవన్నీ అందులో విడిపోయి, ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. మందు వంతు రాగానే తెరమీద గీత కొండలా పైకి లేస్తుంది. ఆ కొండ పొట్టిగా ఉంటే మందు తక్కువున్నట్టు. చాలామంది డాక్టర్లు దానికి చెప్పుకునే అర్థం ఒక్కటే: రోగి మాత్రలు మింగడం లేదు, మింగానని బొంకుతున్నాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తప్పు ఎప్పుడూ రోగిదే.

శైలజ అనంతపురం అమ్మాయి. ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుకుంటోంది. వేళ్ల కీళ్లు వాచి, పెన్ను పట్టుకోవడమే కష్టమైపోయింది. అందుకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతోంది. మా రిపోర్టులో ఆ మందు ఉండాల్సినదానికంటే బాగా తక్కువ వచ్చింది. డాక్టరు ఆమెను ఒక్క మాట అడగకుండా, నేరుగా ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్ చేశాడు. ఆయన రైలెక్కి వచ్చి, కూతుర్ని ఇంటికి తీసుకుపోతానని కూర్చున్నాడు. ఆ పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని మా ల్యాబుకే వచ్చింది.

"దినామూ మింగుతాండా మేడం. ఈ రిపోర్టే అబద్ధం," అంది.

"మిషన్ అబద్ధం చెప్తాదా?" అన్నాడు తండ్రి. "ఇంటికి పోదాం పా. నీ సదువు సాలు."

మేడం నావైపు తిరిగారు. "పద్మా, ఈ పిల్ల ట్యూబు ఫ్రిజ్‌ల ఉంటది, తీస్కరా," అన్నారు నాతో. తెచ్చాను. అందులో రక్తం లేదు, పసుపురంగు నీరు ఉంది. ఈ మందు ఎక్కువగా ఎర్రకణాల్లో చేరుతుంది, అందుకే రక్తాన్ని రక్తంగానే పంపాలి. రక్తం తీసిన సెంటరువాళ్లు మిగతా పరీక్షలకు చేసినట్టే దీన్నీ గిర్రున తిప్పి, పైన తేలిన నీటిని మాకు పంపి, అడుగున దిగిన ఎరుపును పారబోశారు. మందులో చాలాభాగం అలా చెత్తలోకి పోయింది. మా ల్యాబులో డ్యూటీలో ఉన్నవాళ్లు రంగైనా చూడకుండా యంత్రంలో పెట్టారు. యంత్రం ఆ నీటిని చక్కగా కొలిచింది.

మా మేనేజరు పరుగున వచ్చి, హిందీలో గుసగుసలు మొదలుపెట్టాడు. తప్పు జరిగిందని అనొద్దు, చప్పుడు కాకుండా ఇంకో శాంపిల్ తీసుకుందాం, ఆ సెంటరు మనకు రోజూ పని పంపుతుంది. మేడం అతని మొహమైనా చూడలేదు.

"అన్నా, నీ బిడ్డ అబద్ధం చెప్పలే. మేమే చెప్పినం," అన్నారు ఆ తండ్రితో.

మళ్లీ రక్తం తీయడానికి నేను సూది తెచ్చాను. శైలజ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా మాటకి ఇలువ ల్యాదు. నా రక్తానికుందా?"

మేడం నా చేతిలోని సూది తీసుకుని బల్లమీద పెట్టేశారు. "పిల్ల అన్నది కరెక్టే. అన్నా, రిపోర్టు రాకముందే చెప్పు. నీ బిడ్డను నమ్ముతున్నవా? చెప్తేనే రక్తం తీస్త."

ఆయన నేల చూశాడు. "రిపోర్టు రానీయండి మేడం," అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. మేడం ఇంకేదో అనబోయారు. ఈలోగా శైలజే చెయ్యి చాపింది. "తీయండి మేడం. నేను చదువుకోవల్ల."

ఈసారి తెరమీద గీత లేవాల్సినంత ఎత్తు లేచింది. తండ్రి కళ్లు తుడుచుకుంటూ కూతురి భుజం మీద చెయ్యి వేయబోతే, ఆమె పక్కకు జరిగింది. రిపోర్టు తీసుకుని ఆయనకంటే ముందే మెట్లు దిగిపోయింది. గది ఖాళీ చేయలేదు, చదువు మానలేదు. మేడం స్పీకర్ పెట్టి డాక్టరుకు ఫోన్ చేశారు. అతను "అచ్ఛా, అచ్ఛా" అన్నాడు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పమంటే, బయట పేషెంట్లున్నారని పెట్టేశాడు. సెంటరు మాకు పని పంపడం మానేసింది. కొన్నాళ్లకు యాజమాన్యం మేడం కాంట్రాక్టు పొడిగించలేదు. సిగ్గు లేకుండా వీడ్కోలుకు కేకు కూడా తెప్పించారు. ఆవిడ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. మందు తక్కువ వస్తే ముందు ట్యూబు చూస్తాను. అది సరిగ్గా ఉంటే రోగికే ఫోన్ చేసి, మీ మాట నమ్ముతాను, ఎలా వేసుకుంటున్నారో చెప్పండి అంటాను. మింగనివాళ్లూ ఉంటారు. కడుపులో తిప్పుతోందనో, కళ్లు పోతాయని ఎవరో భయపెట్టారనో అప్పుడు చెబుతారు. తిట్టి ఎవరి దగ్గరా నిజం రాబట్టలేం.

ఈ ఉదయం సాల్వెంట్ సీసా పక్కనబెట్టి ట్రే చూస్తే, అదే పరీక్షకు మళ్లీ అదే పసుపు నీరు. ట్యూబు మీద ఎవరో ఆడమనిషి పేరు. పంపిన సెంటరుకు ఫోన్ చేశాను. దాని ఓనరు విజయవాడ మనిషి, విసుక్కున్నాడు.

"ఏంటి మేడం, మిషన్‌లో పెడితే నంబరు వస్తుంది కదండీ?"

"వస్తుందండీ," అన్నాను. "అందుకే పెట్టను."