చిట్కుల్ వాగు మీద సముద్రపు నురుగు

సముద్రం పక్కన పెరిగినవాళ్లకు తుఫాను వార్త వింటే కాళ్లు నిలవవు. ఉప్పాడ ఒడ్డున, చినుకులు మొహానికి ఇసుకలా కొడుతుంటే ఎదురుగాలిలో పరుగెత్తడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఉద్యోగానికి సముద్రానికి దూరంగా, ఈ ఫ్యాక్టరీల పక్కన పటేల్‌గూడకు వచ్చాక ఆ ఆనందం పోయిందనుకున్నాను. కానీ అక్కడ వాయుగుండం తీరం దాటితే, ఆ ముసురు మర్నాటికి ఇక్కడికీ వచ్చేస్తుంది. ఆమధ్య ఒక ఆదివారం తెల్లవారేసరికి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. లేచి బూట్లు వేసుకున్నాను.

బీరంగూడలో ఇస్నాపూర్ వెళ్లే షేర్ ఆటో దొరికింది. కిరాయి ముప్పై రూపాయలు, ఎక్కింది నేనొక్కదాన్నే.

"గీ వానల ఏడికి మేడం?" అన్నాడు డ్రైవర్.

"పరుగెత్తడానికి."

అద్దంలో నన్ను కాసేపు చూశాడు. "ఉరుకుడుకా? ఎవలన్న ఎంటవడ్డరా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి చిట్కుల్ వైపు పరుగు మొదలుపెట్టాను. తెల్లవారినా వీధిదీపాలు ఆరలేదు. మబ్బు కిందికి దిగి మందుల ఫ్యాక్టరీల గొట్టాల కొసల్ని మింగేసింది. ఈ నేలలో వానకు మట్టి వాసనతో పాటు మందుబిళ్లల వాసన కూడా లేస్తుంది. అయినా గాలి మాత్రం మా ఊరి గాలే. ఒళ్లు తేలికై, ఊపిరి దారిలో పడి, వానే నన్ను మోసుకుపోతున్నట్టుంది. దారి వాగులోకి దిగేచోట తెల్లగా, నడుమెత్తున నురుగు కనిపించింది. గాలికి ముద్దలు ముద్దలుగా లేచి నా మీద వాలింది. అచ్చం పోటు వేళ ఒడ్డున తేలే నురుగు. చిన్నపిల్లలా దానిలోకి దూసుకుపోబోయాను.

"ఆగు బిడ్డా. గది కంపెనీలు ఇడ్సిన నీళ్ల నురుగు, అండ్ల కాలు వెట్టకు. కింద కల్వర్టు కొట్టుకవోయింది, తొవ్వ లేదు."

రోడ్డు పక్కన యూరియా సంచి కప్పుకుని ఒకామె నిలబడి ఉంది. రాయి తీసి విసిరింది. రాయి నురుగులోకి వెళ్లింది. చప్పుడే రాలేదు. చూస్తుండగానే ఆ కన్నం మూసుకుపోయింది.

ఆమె పేరు లక్ష్మమ్మ. భర్త అవతల కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తాడట. "గిదే తొవ్వల సైకిల్ మీద వస్తడు. ఫోను ఇంట్లనే మర్శిండు. గీడికెల్లి మొత్తుకుంటే గాలికి ఇనవడది," అంది. "మెయిన్ రోడ్డు బ్రిడ్జి మీదికెల్లి తిరిగిపోవచ్చు. నా మోకాళ్లతోని ఎప్పుడు పోవాలె?"

ఆ మాట పూర్తవుతుండగానే వాగు అవతల డ్యూటీ దిగే సైరన్ మోగింది. గాలికి అది ఏడుపులా సాగింది. ఆమె నా బూట్ల వైపు చూసింది. "నువ్వు ఉరుకుతవ్ గద బిడ్డా."

వెనక్కి తిరిగి పరుగెత్తాను. దారిలో ఇవతలి కంపెనీ ఒకదాని ప్రహరీ పక్కన వెళుతుంటే నా వెనక ఇంకో జత కాళ్ల చప్పుడు. గోడ ప్రతిధ్వని అనుకున్నాను. గోడ అయిపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు. తిరిగి చూడటానికి ధైర్యం లేదు, వ్యవధీ లేదు. వంతెన దాటి అవతలి రోడ్డెక్కి వాగు వైపు పరుగెత్తాను. ముందు ఒక సైకిల్, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, తల వంచుకుని తొక్కుతున్న మనిషి. ముందు చక్రం నురుగులోకి దిగుతుండగా వెనక క్యారియర్ పట్టుకుని లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు కోపంగా.

"లక్ష్మమ్మ పంపింది. కల్వర్టు లేదు."

అతను నురుగు వైపు చూశాడు. అవతల సంచి కప్పుకున్న ఆకారం లీలగా కనిపించింది. నోరు తెరవబోయి, గాలికి వినబడదని కాబోలు, లేచి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఆమె ఉన్నచోటే నేల మీద కూలబడింది.

వానలో పరుగు నేను మానలేదు. మా సముద్రం మన మీదికి వచ్చేటప్పుడు హోరుమని చెప్పి వస్తుంది. ఈ నీళ్లు ఏమీ చెప్పవు, తెల్లగా, మెత్తగా పడి ఉంటాయి. ఆ ప్రహరీ పక్కన వినిపించిన చప్పుడు ఏమిటో నాకు నేటికీ తెలియదు. మీరూ ఇటు వానలో పరుగుకు రావాలనుకుంటే ఒక్క మాట: వాన లేని రోజు వచ్చి, దారి ఎక్కడెక్కడ వాగులోకి దిగుతుందో చూసి పెట్టుకోండి. వాన రోజున అక్కడ తారు కంటికి కనబడకపోతే, వెనక్కి తిరగండి.