నీళ్ళ కింది దిబ్బ

చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా నేనొక ముసలాయన మతి చెడగొట్టాను. ఈ మాట ఏళ్ళుగా నాలోనే ఉంది. నా భార్యకు చెప్పలేదు. గుళ్ళో దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా మిగతా తప్పులన్నీ ఒప్పుకుని దీన్ని మాత్రం దాటేస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలిపడకండి. చివరిదాకా వింటే ఎలాగూ పడరు.

ఉద్యోగం మారి విశాఖ నుంచి భిలాయి వచ్చాను. సామానుతో పాటు నా కయాక్ కూడా వచ్చింది. అంటే ఇద్దరు కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ, కారు మీద కట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. సముద్రం పక్కన పెరిగినవాణ్ణి. ఆదివారం నీళ్ళ మీద గాలం వేయకపోతే వారమంతా ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటాను. కానీ కొత్త ఊళ్ళో చేపలెక్కడుంటాయో ఎవరు చెప్తారు? ఫోన్‌లో మ్యాప్ తెరిచి నీలంగా కనిపించిన ప్రతి మచ్చకీ వెళ్ళాను. ఒక చోట మోకాలి లోతు బురద. ఒక చోట ఒడ్డు నుంచి ఒడ్డుదాకా గుర్రపుడెక్క. ఇంకో చోట చెరువు లీజుకు తీసుకున్నవాళ్ళు కర్రలు పట్టుకొచ్చారు. గాలం వేసేవాళ్ళను అడిగితే నవ్వుతూ తప్పుదారి చూపించారు. వాళ్ళని తప్పుపట్టలేను. గాలం పట్టేవాడు చేపను చూపిస్తాడు గానీ చోటు చెప్పడు, అడిగితే అబద్ధమే చెప్తాడు, ఆ అబద్ధాన్ని మాలో ఎవరూ పాపంగా లెక్కపెట్టరు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత నేను దీని వెనకే దాక్కున్నాను.

నిజం చెప్పింది సింహాచలం గారు ఒక్కరే. ఇక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. సొంతూరు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున. సెక్టర్ 6లో కూతురు పద్మ క్వార్టర్లో ఉండేవారు. సుపేలా బజారులో పంక్చర్ షాపు దగ్గర నా కారు మీది పడవను చూసి స్కూటర్ ఆపారు. "ఏటి బాబూ, దోని నెత్తినెట్టుకుని తిరగతన్నావు, రోడ్డు మీద దొరకతాయేటి సేపలు?" అన్నారు, షాపులో అందరూ వినేట్టు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మండుతూనే. ఆయన నోరు అంత. గొప్పలు చెప్పుకోకుండా ఒక్క టీ కూడా తాగేవారు కాదు. ఆయన నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఈ ముక్క దాచడం దేనికి?

అయినా చోటు చెప్పారు. ఊరి బయట పాడుబడ్డ సున్నపురాయి ఖదాన్, అంటే గని, తవ్వడం ఆపేశాక వాన నీళ్ళతో నిండి చెరువైపోయింది. తవ్వినప్పుడు నడిమధ్యన ఒక రాతిదిబ్బను వదిలేశారట. అది నీళ్ళ కిందే ఉంటుంది, ఒడ్డు మీంచి చూస్తే ఆనవాలు దొరకదు. కొర్రమేనులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. వయసులో ఉన్నప్పుడు లారీ ట్యూబు మీద కూర్చుని అక్కడిదాకా వెళ్ళేవారు. సముద్రం మీద వాళ్ళ తాతలు ఒడ్డున ఉన్న కొండనీ చెట్టునీ ఒకే వరసలోకి తెచ్చుకుని చోటు గుర్తుపట్టేవాళ్ళు. ఈయన ఆ విద్యను ఇక్కడి గుంతలో వాడుకున్నారు. ప్లాంటు చిమ్నీ గుట్ట మీది జెండా వెనక్కి రావాలి. నీళ్ళ ట్యాంకు ఒంటరి మోదుగచెట్టు వెనక్కి రావాలి. రెండూ కుదిరితే దిబ్బ మీద ఉన్నట్టు. బదులుగా ఆయన అడిగింది ఒకటే, ఒక్కసారి నా పడవలో ఆ దిబ్బ మీదికి తీసుకెళ్ళమని. మోకాళ్ళు పోయాయి కాబట్టి ట్యూబు మీద ఇక కూర్చోలేరు. సరే అన్నాను.

మొదటి ఆదివారమే దొరికింది. తాడుకు రాయి కట్టి దించితే చుట్టుపక్కల ఎక్కడా అడుగందలేదు, ఆ చోట మాత్రం నా ఎత్తు కూడా దిగకుండానే ఠక్కున తగిలింది. ఆ రోజు పట్టిన చేపను రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. తర్వాతి వారం నేను చేసిన పని ఆయన కూర్చోవాల్సిన రెండో సీటు విప్పేసి అక్కడ ఐసు పెట్టె బిగించడం. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఆయన అడిగినప్పుడల్లా గాలి ఎక్కువగా ఉందనో, పనుందనో చెప్పాను.

ఆయన ఊరుకోలేదు. ఆ పడవ కుర్రాడికి దిబ్బ చూపించింది నేనేనని టీ కొట్టులో చాటడం మొదలెట్టారు. నలుగురూ వస్తారేమోనని భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా, నేను పట్టిన చేపలన్నీ ఆయన ఖాతాలోకి పోతున్నాయని కడుపుమంట. ఒకరోజు అందరి ముందూ అనేశాను, అక్కడ ఏ దిబ్బా లేదు, ఊరికే నీళ్ళు అని. ఆయన నొచ్చుకోలేదు. నాకు కన్నుగీటారు. చోటు దాస్తున్నాననుకున్నారు, మెచ్చుకున్నారు కూడా. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఇది రాసేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో ఆయనకు కొంచెం మరుపు మొదలైంది. ఒకసారి గ్యాస్ ఆపలేదు. ఒకసారి సుపేలా నుంచి ఇంటికి దారి తప్పారు. అయినా స్కూటర్ వేసుకుని ఒంటరిగా ఖదాన్ ఒడ్డుకు వెళ్ళి కూర్చునేవారు. అక్కడ దిబ్బేమీ లేదని నేనన్న మాట ఎలాగో పద్మ దీదీ చెవిన పడింది. నన్ను ఇంటికి పిలిచింది. వరండాలో ఆయన ఎదురుగానే అడిగింది.

"భయ్యా, సచ్ బోలో. నాన్న చెప్పే దిబ్బ ఉందా, లేదా? లేనిదాని కోసం ఎల్తన్నారంటే నేను డాక్టర్‌కి చూపించాలి, స్కూటర్ కూడా ఇయ్యను. బోటు మీద ఎల్లింది నువ్వొక్కడివే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గెలిచినవాడిలా నవ్వారు. "సెప్పు బాబూ. దీనికి సెప్పు."

"తాడు దించి చూశాను దీదీ. అడుగు తగల్లేదు."

"ఇది మన ఇల్లు బాబూ, టీ కొట్టు కాదు. నిజం సెప్పు."

"నిజమే చెప్తున్నాను అంకుల్. మీరే ఎక్కడో పొరబడ్డారు."

ఆయన నా మొహంలోకి చూశారు. కన్నుగీటుతానేమోనని కాసేపు ఎదురుచూశారు. నేను గీటలేదు. "చిమ్నీ, జెండా..." అని మొదలెట్టి, వేళ్ళతో గాల్లో గీతలు గీసి, ఆపేశారు. పద్మ దీదీ లేచి మేకుకున్న స్కూటర్ తాళం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె ఏడుస్తోంది.

ఎందుకు అబద్ధం చెప్పాను? నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. చోటు కోసమే అయితే, ఆయన నీళ్ళ మీదికి వెళ్ళలేరు, ఆమెకు గాలం పట్టుకోవడం కూడా రాదు, నిజం చెప్పినా నాకు పోయేదేముంది? ఆ పెద్ద నోరు ఒక్కసారి మూతపడితే చూడాలనుకున్నాను. అంతే. చూశాను. హాయిగా అనిపించింది.

వారం తర్వాత ఆ దిబ్బ దగ్గర పట్టిన కొర్రమేనునే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. డ్యామ్‌లో దొరికిందన్నాను. ఖదాన్ చేప డ్యామ్ చేపకన్నా నల్లగా ఉంటుంది. ఆయన దాన్ని తిప్పి చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకున్నారు. తన కళ్ళని తనే నమ్మలేదు. నా మాట పనిచేసిందని అప్పుడు తెలిసింది. పులుసు బాగా కుదిరిందని ముగ్గురం అనుకున్నాం.

మరుపు ఎలాగూ వచ్చేదేనంటారేమో. తాళం ఎలాగూ తీసుకునేదేనంటారేమో. నేనూ అదే చెప్పుకున్నాను, చాలాకాలం. కానీ గ్యాస్ మరిచిపోయిన మనిషికి తను ఏం మరిచాడో తెలుసు, దానికి సిగ్గుపడేవాడు, తననే వెక్కిరించుకునేవాడు. నా మాట తర్వాత ఆయన ప్రతిదీ కూతుర్ని అడగడం మొదలెట్టారు. అన్నం తిన్నానా? ఇది మన గేటేనా? క్రేన్ నడిపింది నేనేనా? టీ కొట్టుకు వెళ్ళడం మానేశారు. చెప్పుకోవడానికి గొప్పలు మిగల్లేదు, ఏది నిజంగా జరిగిందో ఆయనకే తెలియదు కదా.

పోయిన చలికాలం ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. నన్ను గుర్తుపట్టారు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను, ఆ దిబ్బ ఉందని, నేను అబద్ధమాడానని. ఆయన నా చెయ్యి నిమిరారు. "ఊరుకో బాబూ. ముసలోడు బాధపడతాడని ఇలగ సెప్తన్నావు. అక్కడేటీ లేదు. నువ్వే తాడు దించి సూసినావు కదా."

పద్మ దీదీ వంటింట్లోనే ఉంది. నాలుగడుగులు వేసి ఆమెకు చెప్పొచ్చు. ఆమె టీ తెచ్చింది. నాన్నని చూడ్డానికి ఇంకెవరూ రావడం లేదు, నువ్వొక్కడివే వస్తావు భయ్యా అంది. టీ తాగి వచ్చేశాను.

ఆమె భిలాయిలోనే పుట్టింది, చదువంతా హిందీలో. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. నేను దీన్ని తెలుగులో రాయడం వట్టి అలవాటు కాదని మీకీపాటికి అర్థమై ఉంటుంది. పిరికివాడి ఒప్పుకోలు ఇలాగే ఉంటుంది. క్షమించమని అడగను, అడగాల్సిన వాళ్ళు మీరు కారు.

దిబ్బ ఉంది దీదీ. మీ నాన్న చెప్పిన చోటే ఉంది. ఇంత మాట రాయగానే గుండె కాస్త తేలికపడింది. పడకూడదు గానీ, పడింది.