అత్తయ్య రెండు లీటర్లు

మా మామయ్య లారీలను తూచేవాడు. ఊరి చివర సిమెంటు గోదాముల పక్కన, రోడ్డుకు సమానంగా పరిచిన పెద్ద ఇనుప పలక, దాన్ని ఆనుకుని ఒక కిటికీ గది. అదే ఆయన వేబ్రిడ్జి. ఖాళీ లారీ పలక ఎక్కితే ఒక అంకె, సరుకు నింపుకొని వస్తే ఇంకో అంకె, ఆ రెండింటికీ తేడా సరుకు బరువు. ఏళ్ళ తరబడి ఆ గదిలో కూర్చున్నాక ఆయన మనుషుల్ని కూడా అలాగే చూడడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని గడపలోనే పైనుంచి కిందికి ఓసారి చూసి, పోయినసారికంటే మూడు కిలోలు పెరిగారని చెప్పేవాడు. ఆ తర్వాత కొందరు ఆ ఇంటి ఛాయలకు కూడా రాలేదు.

అప్పట్లో మా రెండిళ్ళకూ కలిపి ఒకటే కారు. అది మామయ్యది, ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియని నీలం కారు. ఏటా సెలవుల్లో అందరం అందులో ఇరుక్కుని కొండల్లో ఉన్న సరస్సుకు వెళ్ళేవాళ్ళం. పెట్రోలు ఖర్చు రెండిళ్ళూ పంచుకోవాలి కాబట్టి ఎంతవుతుందో ముందే తేలాలి. వేరేవాళ్ళయితే దూరాన్ని మైలేజీతో భాగించి ఊరుకుంటారు. మామయ్య దృష్టిలో అవన్నీ కాకి లెక్కలు. ఎంత బరువు మోస్తోందో తెలియకుండా బండి మైలేజీ ఎలా చెప్తారని ఆయన వాదన. అందుకని ప్రయాణం రోజు పొద్దున్నే పెట్టెలతో, పరుపు చుట్టలతో, మనుషులతో సహా మా కారు వేబ్రిడ్జి ఎక్కాల్సిందే.

సిమెంటు లారీల వరసలో మా కారు నిలబడితే డ్రైవర్లు దిగి వచ్చి మరీ చూసేవాళ్ళు. నాకు తల తీసేసినట్టుండేది. మామయ్యకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. గదిలోకి వెళ్ళి అంకె చూసి, ఖాళీ కారు బరువు తీసేసి, తన బరువు తను కలుపుకొని, చదును రోడ్డుకు ఇంత, ఎక్కుడుకు ఇంత, దిగుడుకు ఇంత అని లెక్క తేల్చేవాడు. పంపు దగ్గర సరిగ్గా అంతే పోయించేవాడు. చుక్క ఎక్కువ పోస్తే పంపువాడితో గొడవే.

అత్తయ్య మాత్రం పలక ఎక్కేది కాదు. కారు పలక దగ్గరికి రాగానే దిగిపోయి గోడ నీడలో నిలబడేది. తను మనిషేగానీ సిమెంటు బస్తా కాదనేది. సరే ఎంతుంటావో నోటితోనైనా చెప్పమని మామయ్య కిటికీలోంచి అడిగితే, ఏ ఏడు అడిగినా యాభై రెండనేది. ఆయన ఓసారి ఆమెను పైనుంచి కిందికి చూసేవాడు. ఊళ్ళో అందరి బరువులూ మొహం మీదే చెప్పే మనిషి, భార్య చెప్పింది మాత్రం నోరు మూసుకుని రాసుకునేవాడు.

ఒక ఏడు కొండ ఎక్కుతుండగా, తర్వాతి మలుపులోనే పెట్రోలు పంపు ఉందనగా, కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మామయ్య స్టీరింగు దగ్గర, మేమందరం వెనక. తోస్తున్నాం, కారు కదలదు. ఆయన తల బయటికి పెట్టి, తన లెక్కలో తప్పు లేదని, తనకు చెప్పిన బరువులోనే తప్పుందని అన్నాడు. అత్తయ్య తోయడం ఆపి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను యాభై రెండే. మిగతా బరువంతా కారులో కూర్చుని మాట్లాడుతోంది," అంది.

మా అమ్మ నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన కూలబడింది. ఇంక తోసేవాళ్ళెవరు? చివరికి మామయ్యే దిగి తోశాడు. ఆ కాస్త తేడాకే బండి ఆగిపోదని ఇప్పుడు నాకు తెలుసు. పెట్రోలు పైపు కారుతోందని తర్వాత ఒక మెకానిక్ చూపించాడు కూడా. మామయ్య ఆ మాట చెవిన పెట్టలేదు.

మరుసటి ఏడు లెక్కంతా అయ్యాక చివర ఇంకో రెండు లీటర్లు కలిపి, అవి అత్తయ్య లీటర్లని అందరి ముందూ చదివాడు. ఆయన వేసింది జరిమానా. ఆవిడ దాన్ని ఆస్తి చేసుకుంది. నా పేరున పోయించిన పెట్రోలు నా ఇష్టమంది. ఆ ఏటినుంచి దారిలో ఎక్కడో ఒకచోట పక్కకు చీలిన మట్టిరోడ్డు కనిపించగానే "ఏవండీ, అటు తిప్పండి" అనేది. ఆ దారి ఎక్కడికి వెళ్తుందని ఆయన అడిగేవాడు.

"తెలిస్తే మీరే లెక్క కట్టేవారు కదా," అనేది.

మామయ్య సణుక్కుంటూ తిప్పేవాడు. ఆ రెండు లీటర్లతో మేం ఏమేం చూశామని! ఒక ఏడు ఇటుకల బట్టీ చూశాం. ఒక ఏడు రైళ్ళు ఆగడం మానేసిన స్టేషను, దాని బెంచీ మీద దర్జాగా పడుకున్న మేక. ఇంకోసారి దారి కాస్తా ఎవరి పెరట్లోనో తేలింది. బట్టలు ఆరేస్తున్న ఇంటావిడ ఎవరు కావాలని అడిగింది. మామయ్య నీళ్ళు నమిలాడు. అత్తయ్య మాత్రం నింపాదిగా దిగి, ఇంత తెల్లగా ఉన్నాయి, ఏ సబ్బు వాడతారని అడిగింది. వాళ్ళిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారంటే మాకు ఆకలేసింది. ఇన్నిసార్లు వెళ్ళిన ఆ సరస్సు ఎలా ఉండేదో నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు. మేక గుర్తుంది. ఆ వెనక సీట్లో అమ్మ మోచేతికీ పరుపు చుట్టకీ మధ్య ఇరుక్కుని ఇంకొక్కసారి కూర్చోగలిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అత్తయ్య పోయి రెండేళ్ళయింది. నెల తిరక్కుండానే మామయ్య నీలం కారు అమ్మేశాడు. ఆ తర్వాత ఇల్లు, కాటా గది, మళ్ళీ ఇల్లు. నడిచి వెళ్ళేవాడు, నడిచి వచ్చేవాడు. ఎవరింటికి పిలిచినా రాడు. గడపలో నిలబడ్డవాళ్ళ బరువు చెప్పడం కూడా మానేశాడు. తమ్ముడు ఆ కుర్చీలోనే ఎండిపోతున్నాడని అమ్మ ఒకటే బెంగ పెట్టుకుంది. ఈ సెలవులకు సరస్సుకు వెళ్దామని, వాడూ రావాలని పట్టుబట్టింది. మామయ్య ఫోనులో వద్దన్నాడు. మళ్ళీ చేస్తే వద్దన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఇప్పుడు కదలకపోతే ఇంకెప్పటికీ కదలడని అమ్మ భయం. నాకూ అదే భయం, కాకపోతే నాది కోపంగా బయటికొస్తుంది.

అందుకే చెప్పాపెట్టకుండా అమ్మనూ పెట్టెలనూ నా కారులో ఎక్కించి, తిన్నగా తీసుకెళ్ళి మామయ్య పలక మీద ఆపాను. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తీయడం లేదు. మామయ్య కిటికీలోంచి చూశాడు. పెట్రోలు లెక్క కావాలన్నాను. నీ ఫోను చెప్తుందిగా అన్నాడు. చెప్పింది గానీ అది మమ్మల్ని తూచలేదుగా అన్నాను.

అక్కడ దొరికిపోయాడు. ఎదురుగా అంకె వెలుగుతుంటే చూడకుండా ఉండగల మనిషి కాదు. నా కారు ఖాళీ బరువెంతో అడిగాడు. పాత కాగితం వెనక పెన్సిలుతో గీకుతూ, చదునుకు ఇంత, ఎక్కుడుకు ఇంత, దిగుడుకు ఇంత అని పైకి చదివాడు. చివర "ఇంకో రెండు" అని ఆగిపోయాడు.

పెన్సిలు తిప్పి ఆ అంకె మీద గీత పెట్టబోయాడు.

"అలవాటు మీద వచ్చేసిందక్కా. తీసేస్తాను," అన్నాడు.

"తియ్యకు. అవి నీవి కావు," అంది అమ్మ.

మామయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకుని మళ్ళీ తీశాడు. నేను అటు చూడలేక అద్దంలో లారీని చూస్తూ కూర్చున్నాను. తను వస్తే లెక్క మారిపోతుందని గొణిగాడు. మార్చమన్నాను.

"డెబ్భై ఒకటి ఉండేవాణ్ణి. ఇప్పుడు అరవై నాలుగు," అన్నాడు కాగితం వంక చూస్తూ.

ఆ రెండేళ్ళ గురించి ఆయన మాతో చెప్పింది ఆ ఒక్క ముక్కే. గోదాము గుమాస్తాను పిలిచి తాళాలు చేతిలో పెట్టి, వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. పంపు దగ్గర ఎన్ని లీటర్లు పోయాలో తనే చెప్పాడు. రెండూ కలిపే చెప్పాడు.

దారంతా ఆయన కళ్ళు పెట్రోలు ముల్లు మీదే. అమ్మ ఏవో కబుర్లు చెప్తోంది, ఆయన ఊ కొడుతున్నాడు. కొండలు దగ్గరపడుతుండగా ఎడమవైపు గడ్డి మొలిచిన మట్టిదారి ఒకటి కనిపించింది. వేగం తగ్గించాను. తిప్పనా అని అడగడానికి నోరు రాలేదు. అది అడిగే హక్కు నాది కాదనిపించింది. మలుపు దాటేసి కొంచెం ముందుకు వచ్చేశాను కూడా.

"వెనక్కి తీసుకో. అటు తిప్పు," అన్నాడు మామయ్య.

"ఎక్కడికి వెళ్తుంది మామయ్యా?"

"తెలిస్తే నేనే లెక్క కట్టేవాణ్ణి కదే."

నేను రివర్సు గేరు వేశాను.