కువైట్ వెళ్ళని అన్నయ్య

నా చిన్నప్పుడు మా వీధిలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండేవారు. అందుకే మా పెదనాన్నగారి అబ్బాయి స్నేహితులతో చేరి అమలాపురంలో ఎవరిదో మోపెడ్ ఎత్తుకుపోయి దొరికిపోతే, కోర్టువారు వాణ్ణి పిల్లల హోముకు పంపిస్తే, పెదనాన్న ఏమాత్రం తడుముకోకుండా "మావాడు కువైట్ వెళ్ళేడండి" అని చెప్పేశారు. అన్నయ్యకు అప్పటికి సరిగా మీసాలైనా రాలేదు. ఆ వయసువాడికి వీసా ఎవరిచ్చారని ఒక్కరైనా అడగలేదు. మా కోనసీమ మర్యాద అలాంటిది మరి!

అడగకపోగా, కనబడినప్పుడల్లా వాడి యోగక్షేమాలు కనుక్కునేవారు. ఎండలెలా ఉన్నాయండీ, తిండి పడుతోందా అండీ అని. పెదనాన్న జన్మలో గోదావరి దాటి ఎరగరు. అయినా అక్కడి ఇసక తుఫాన్ల గురించి ఆయన చెబుతుంటే వింటున్న నేను కళ్ళు నులుముకునేదాన్ని.

తీరా వాణ్ణి విడిచిపెడుతున్నారని కబురొచ్చేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. కువైట్ నుంచి వచ్చేవాడు ఉత్త చేతులతో ఎలా వస్తాడు? పెద్ద సూట్‌కేసు ఉండాలి, పులిబొమ్మ దుప్పటి ఉండాలి, సెంటు గుప్పుమనాలి, ఇంటింటికీ ఓ సబ్బు పంచాలి. ఇల్లంతా పెళ్ళి హడావుడి మొదలైంది. సబ్బులూ సెంటూ మలికిపురం సెంటర్లో కొన్నారు. సూట్‌కేసు చుట్టాల దగ్గర తెచ్చారు. పులి దుప్పటి మాత్రం ఎక్కడా దొరక్క, మొగుడు కువైట్‌లో ఉన్న ఎదురింటి అక్కను గుట్టుగా అడిగారు. ఎందుకని ఆవిడా అడగలేదు. ఉతికి మరీ ఇచ్చింది.

ఈ గొడవలో మా నాన్నగారి అమ్మ, మా మామ్మ, వేలు పెట్టలేదు. అరుగుమీద కూచుని చింతచిగురు బాగుచేసుకుంటూ ఉండిపోయింది. అన్నయ్యకు చింతచిగురూ రొయ్యల కూరంటే ప్రాణం.

ఆవేళ పెదనాన్న వాణ్ణి టాక్సీలో తీసుకొచ్చారు. దారిలోనే నల్ల కళ్ళద్దాలు పెట్టించినట్టున్నారు, వాడు తడుముకుంటూ దిగాడు. సూట్‌కేసు మీద దుప్పటి, పులి మొహం పైకి కనబడేలా మడతపెట్టి ఉంది. వీధివాళ్ళంతా మా గుమ్మం ముందే ఉన్నారు. ఆ పులి చెవి దగ్గర అగరొత్తి కాలి పడిన చిల్లు ఒకటుంది. ఎదురింటి అక్క ఏటా ఆ దుప్పటిని గోడమీద ఎండేసేది కాబట్టి ఆ చిల్లు మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందరూ చిల్లుకేసి చూశారు. చూసి, ఎంతో మర్యాదగా కొబ్బరిచెట్లకేసి తిరిగారు.

"విమానంలో కుదుపులేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగింది ఓ ముసలావిడ.

అన్నయ్య కళ్ళద్దాలు తీసి పెదనాన్న చేతిలో పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు ఎదురుచూసింది నాకోసం కాదులా ఉంది. నేనెళ్ళిపోతాను మామ్మా" అని, నిజంగానే టాక్సీ తలుపు తీశాడు. అంతవరకూ నవ్వాపుకోలేక చస్తున్న నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. ఈసారి వెళ్తే వాడిక రాడనిపించింది.

మామ్మ చింతచిగురు చేతులతోనే పరుగున వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో దుప్పటి లాగి ఎదురింటి అక్క భుజాన వేసింది. "నా మనవడు తప్పు చేసేడు. హోములో పెట్టేరు, వదిలేసేరు, ఇంటికొచ్చేడు. కువైటూ లేదు, గివైటూ లేదు!" అంది, వీధి వీధంతా వినేలా.

వీధివాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి ఎదురింటి అక్కే నోరు విప్పింది. "ఆయ్, తెలుసండి మామ్మగారూ. బాబుని తీసుకెళ్ళిన పోలీసు జీపు మా గుమ్మం ముందే ఆగిందండి."

పెదనాన్న భగ్గుమన్నారు. "తెలిసుండి ఇన్నాళ్ళూ నాచేత ఇసక తుఫాన్లు చెప్పించేరా?"

"అడక్కపోతే తమరు చిన్నబుచ్చుకుంటారనండి."

ముందు నవ్వింది అన్నయ్యే. ఆ తర్వాత పెదనాన్నతో సహా ఎవరూ ఆగలేదు. వాడు లోపలికొచ్చి మామ్మ పక్కన కూచుని కూరన్నం తిన్నాడు. వీధివాళ్ళు మాత్రం ఎవరి సబ్బు వాళ్ళు పట్టుకుపోయారు.

అన్నయ్యకు ఇప్పుడు బళ్ళు బాగుచేసే షాపుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండీ తాళాలూ వాడి దగ్గర వదిలేసి బజారు పనులు చూసుకుంటారు. మామ్మ లేదు.

పోయినేడాది మా అబ్బాయిని, గొడవపడ్డాడని హాస్టల్ నుంచి ఇంటికి పంపేశారు. వాడు తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. ఇంతలో పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి "బాబొచ్చేడేంటండీ, సెలవులా?" అంది. ఒంట్లో బాగాలేదండీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎందుకో పులి చెవి దగ్గరి చిల్లు గుర్తొచ్చింది.

"కొట్లాడేడండి, పంపేసేరు. అన్నం తింటున్నాడు, లోపలికి రండి" అన్నాను.

కంచం ముందు వాడు తలెత్తి నాకేసి చూశాడు.

"ఆయ్, తెలుసండి" అందావిడ.