బాబిన్ ఖాళీ అయ్యేదాకా

కత్తెరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. చేతిలో కత్తెర కన్నా నోట్లోదే పదునని గిట్టనివాళ్లు అంటారు. బాబిన్‌లో దారం అయిపోతే తప్ప, ఎంతటివాళ్లొచ్చినా మెషిన్ మీంచి లేవదు. అంతటి మనిషీ కూతురి పదో తరగతి లెక్కల ముందు డీలాపడిపోయింది. పిల్ల ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే పైచదువు మాట మరిచిపొమ్మని హెడ్‌మాస్టరు మొహమ్మీదే చెప్పేశాడు.

పిల్ల బద్ధకస్తురాలేం కాదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నందాకా పుస్తకం వదలదు. తీరా అడిగితే నీళ్లు నములుతుంది.

"నీకంటే నా మెషినే నయమే! దారం అయిపోతే ఆగుతుంది," అని విసుక్కుంది కత్తెరక్క. అన్నాక తనకే ఓ ఉపాయం తట్టింది.

ఒక బాబిన్ ఆమె చేతిలో అరగంట వస్తుంది. ఆ అరగంటకి ఒకటే పాఠం. మెషిన్ ఆగగానే పిల్ల పుస్తకం మూసి వీధి చివరిదాకా నడిచి రావాలి. వచ్చాక, తల్లి కొత్త దారం చుట్టేలోగా చదివింది అప్పజెప్పాలి. ఏ రోజు ఏ పాఠమో గుడ్డపీలికల మీద సుద్దతో రాసి, రానివి ముందు వచ్చేలా కిటికీ తెరకి పిన్నులతో గుచ్చింది.

నెల రోజులు బండి సాఫీగా నడిచింది. పరీక్ష వారం ఉందనగా కత్తెరక్కకే కంగారు పుట్టింది. ముందే ఆరు బాబిన్లు చుట్టిపెట్టుకుని, చిటికెలో మార్చేస్తూ కూతుర్ని లేవనివ్వలేదు. సాయంత్రానికి పిల్ల వచ్చిన లెక్క కూడా మరిచిపోయి బావురుమంది. తనేమో చొక్కాకి కుడిచెయ్యి ఎడమవైపు అతికించింది.

"ఎవరికమ్మా ఆ చొక్కా? వెనక్కి నడిచేవాళ్లకా?" అంది పిల్ల ఏడుపులోనే నవ్వుతూ.

కత్తెరక్కకి సిగ్గేసింది. కుట్లు విప్పి, చుట్టిన బాబిన్లన్నీ డబ్బాలో పెట్టి మూసేసింది.

పరీక్షలో నాలుగో లెక్క దగ్గర చెయ్యి ఆడలేదట. పెన్ను పక్కన పెట్టి, రెండు గుక్కలు నీళ్లు తాగి, కాసేపు కిటికీలోంచి చూసి, మళ్లీ మొదలెట్టానని పిల్ల ఇంటికొచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి తల్లి గుండె గుప్పిట్లో పెట్టుకుని కుట్టింది.

ఫలితాల రోజు వీధి మొదట్లోంచే కేక వినిపించింది. "అమ్మా! లెక్కల్లో ఎనభై రెండు!"

కత్తెరక్క మెడలో టేపుతోనే వీధిలోకి పరుగెత్తి కూతుర్ని వాటేసుకుంది. "ఎనభై రెండటండీ!" అని దారినపోయేవాళ్లందరికీ చెప్పింది. లోపల మెషిన్ సూది కింద గుడ్డ అలాగే ఉంది. బాబిన్‌లో దారం ఇంకా సగం ఉంది.