విగ్రహానికి కట్టిన చెరకాకు

తహసీల్దారు అడిగిన రోజు నేను ఒక మాట చెప్పకుండా దాచాను. అది ఇప్పుడు రాస్తున్నాను. దయ్యాలున్నాయంటే నేను నమ్మను. రాత్రిళ్లు ఒంటరిగా చెరకు తోటలకు నీళ్లు పెట్టినవాణ్ని, ఏనాడూ దేనికీ జడవలేదు.

మాది కోటగిరి దగ్గర పల్లె. ఒక ఎండాకాలం చెరకు మాడిపోతుంటే, నీళ్లు వదిలేదాకా లేవనని సాయిలన్న కాలువ తూము మీద అడ్డంగా పడుకున్నాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. జనం పోగయ్యాకే ఆయన పక్కన పడుకున్నాను. పోలీసులు ఇద్దరినీ తీసుకెళ్లారు. నీళ్లు వచ్చాయి. పేరు మాత్రం ఆయనకే వచ్చింది. పెళ్లి విందులో ఎవరైనా "సాయిలన్న తెచ్చిన నీళ్లు" అంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఆయన పోయాక ఊరివాళ్లు సిమెంటు విగ్రహం చేయించి మండలాఫీసు ఆవరణలో నిలబెట్టారు. ప్రభుత్వ స్థలం కాబట్టి దరఖాస్తు పెట్టుకోమన్నారు, అనుమతి వచ్చేదాకా ముసుగు తీయొద్దన్నారు. విచారణలో తహసీల్దారు నన్ను పిలిచి, తూము మీద ముందు పడుకున్నది ఎవరని అడిగారు. మొదటినుంచీ చూసినవాణ్ని నేనొక్కణ్నే.

"యాదికి లేదు సార్" అన్నాను. సాక్ష్యం లేదని దరఖాస్తు పక్కన పడింది.

గాలికి ముసుగు లేస్తోందని నేనే వెళ్లి నైలాన్ తాడుతో బిగించి కట్టాను. ఆ ముఖం ఎవరికీ కనబడకూడదు, అంతే.

తర్వాత ఏదో పని మీద వెళితే అటెండర్ ఖాజా నవ్వుతూ ఎదురొచ్చాడు. "గంగన్నా, తాడుకు గింత కరువొచ్చిందా? చెరుకాకుతోని కట్టినవేంది?"

చూస్తే తాడు లేదు. పచ్చి చెరకాకులు మెలిపెట్టి, చెరకు మోపుకు వేసినట్టు కట్టు వేసి ఉంది. మేమంతా మెలిని కుడికి తిప్పి దోపుతాం. సాయిలన్నది ఎడమచేతి వాటం, ఆయన కట్టు ఎడమకు తిరిగేది. ఇదీ ఎడమకే తిరిగింది. మా చుట్టుపక్కల చెరకు మానేసి ఏళ్లయింది. ఎటు చూసినా వరే.

ఎవడో ఆకతాయి పని అనుకున్నాను. విప్పి పారేసి, ముడి మీద ముడి వేసి మళ్లీ తాడే కట్టాను. పట్టపగలు. ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. ఖాజా చాయ్ తెస్తే అందుకోవడానికి తల తిప్పాను. మళ్లీ చూసేసరికి చెరకాకు. తెంపిన చోట తడి కూడా ఆరలేదు.

ఖాజా రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనేం సూడలే అన్నా. నన్నడగకు."

ఆ చాయ్ అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి, తూము మీద ముందు పడుకున్నది సాయిలన్నేనని తహసీల్దారుకు చెప్పాను.

అనుమతి రావడానికి నెలలు పట్టింది. ముసుగు తీసే రోజుకు కూడా ఆ ఆకు వాడిపోలేదు. ఎవరు కట్టారో, ఆకు ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు.

సాయిలన్న భార్య లక్ష్మి వదినె ఆ కట్టును వేళ్లతో తడిమింది. "గాయన కట్టే గిది. గంగారాం, నువ్వే ఇప్పు" అంది.

కట్టు విప్పకముందే, అందరూ వినేటట్టే చెప్పాను.

"వదినె, ముందుగాల పండుకున్నది అన్ననే. నేను గట్టు మీద నిలబడి సూసిన. కుళ్లుతోని చెప్పలే. మాఫ్ చెయ్యి."