ఎల్పిడియా అత్త పుస్తకం మీద పడ్డ వైనం

ఎల్పిడియా అత్తకు చదువు రాదు. నోరు మాత్రం వచ్చు. మెక్సికోలోని మా కోస్తా చికా తీరంలో ఆమె దగ్గర ఎండుచేపలు బేరమాడినవాడు, చేపతో పాటు తన మీదో పద్యం కూడా మోసుకుపోవాల్సిందే.

రాజధాని నుంచి వచ్చిన లియాండ్రో ప్రొఫెసర్ అత్త నోట విన్న పద్యాలన్నీ రాసుకెళ్లి, మెక్సికో నల్లవారి పాటలంటూ పుస్తకం వేశాడు. ప్రతిదాని కిందా "కర్త తెలియదు" అని అచ్చు. జనాభా లెక్కల్లో మేం నల్లవాళ్లమని రాసుకోవడానికే ప్రభుత్వానికి రెండొందల ఏళ్లు పట్టింది. ఇక పేర్లు రాయడానికి ఎన్నేళ్లో!

మా ఊళ్లోనే పెట్టిన పుస్తకావిష్కరణ రోజు, బడి టీచరమ్మ ఆ "కర్త తెలియదు" చదివి వినిపించగానే అత్తకు ఒళ్లు మండింది.

"పెద్దమ్మా, ఇది మీ జాతి మొత్తం గొంతు. ఒక్కరి పేరు పెడితే ఎలా?" అన్నాడు ప్రొఫెసర్.

"మూడు నెలలు మా ఇంట్లో చేపల పులుసు తాగావే, అదీ జాతే కాచిందా నాయనా?"

మా దగ్గర తగవులకో పద్ధతుంది. చెక్కవేదిక మీద ఒకరు పద్యం విసరాలి. డప్పు దరువు తిరిగొచ్చేలోగా రెండోవారు పద్యంతోనే బదులివ్వాలి, లేదా ఓటమి ఒప్పుకుని దిగిపోవాలి. అత్త చెప్పులు విడిచి ఎక్కింది.

"నేను గెలిస్తే నా పేరు రాయాలి. రా!" అని మొదటి పద్యం విసిరింది.

"కళ్లద్దాల దొరగారు
కలం పట్టి వచ్చారు
పులుసంతా తాగారు
పేరడిగితే మరిచారు!"

జనం ఈలలేశారు. ప్రొఫెసర్‌కు పద్యం ఎక్కడిది? వేదికెక్కి గబగబా పుస్తకం తిప్పి, కంటబడింది చదివేశాడు.

"ఊరందరినీ తిడతావు
ఉడికించి నవ్వుతావు
ఇంటికెళ్లి తలుపేసి
ఎవరికోసం ఏడుస్తావు?"

అత్త నోరు పడిపోయింది. దరువు ఒకసారి తిరిగింది, రెండోసారీ తిరిగింది.

అది నికాండ్ర కట్టిన పద్యం. వలలు అల్లే నికాండ్ర ముప్ఫయ్యేళ్లు ఇదే వేదిక మీద అత్తతో కీచులాడి, పోయినేడు కన్నుమూసింది. అత్త మొగుడు, మా మామయ్య, సముద్రంలో మునిగి చనిపోయిన ఏడాది నికాండ్ర ఈ పద్యం విసిరింది. ఆ రోజూ అత్త బదులు చెప్పలేకపోయింది.

"మీరు... ఓడిపోయారు," అన్నాడు ప్రొఫెసర్, తనకే నమ్మకం కుదరక.

"ఓడాను. నీ చేతిలో కాదులే." అత్త శాలువాతో కళ్లు తుడుచుకుంది. "అది నికాండ్రది. కలం తియ్యి. తెలియదన్న మాట కొట్టేసి దాని పేరు రాయి."

అతడు రాశాడు. "మరి మిగతావి?"

"అవన్నీ ఆ ముండకి నేనిచ్చిన జవాబులు."

ప్రొఫెసర్ వేదిక అంచున కూలబడి, కలం పట్టి మొదటి పేజీ తిప్పాడు. ఎవరి పేరు రాయాలో అడగలేదు.